ఇద్దరు గార్డులు, ఒకే బంతి: బాస్కెట్‌బాల్ కోచ్‌ల కోసం మెట్టు మెట్టుగా సమగ్ర మార్గదర్శి

రీబౌండ్ (రింగ్‌కి తగిలి తిరిగొచ్చిన బంతి) మా సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పొడుగు పిల్ల) చేతికొచ్చింది. కుడివైపు నుంచి ఒక గార్డ్ (బంతిని పైకి తెచ్చి, బయట నుంచి ఆడే పిల్ల) చేతులు చాచి పరుగెత్తుకొచ్చింది, "ఇటివ్వు!" అంటూ. ఎడమవైపు నుంచి రెండో గార్డ్ "నాకు, నాకు!" అంటూ వచ్చింది. సెంటర్ పిల్ల ఇటు చూసింది, అటు చూసింది. ఎవరికిస్తే ఎవరు అలుగుతారోనని బంతిని పొట్టకి అదుముకుని అలాగే నిలబడిపోయింది. తీరా బంతి కదిలి సగం గీత దాటేలోపే అందుకిచ్చే ఎనిమిది సెకన్లు అయిపోయి విజిల్ పడింది. శ్రీకాకుళంలో ఆడిన ఆ మ్యాచ్‌లో మాకు ఇద్దరు చాలా మంచి గార్డులున్నారు. అయినా ఓడిపోయాం. తప్పు ఆ ముగ్గురు పిల్లల్లో ఎవరిదీ కాదు. బంతి ఎవరికి వెళ్లాలో, తనకి రానప్పుడు రెండో గార్డ్ ఎక్కడుండాలో నేను వాళ్లకి చెప్పలేదు.

విజయనగరం తిరిగొచ్చాక నేను ఎక్కువగా కష్టపడింది ఈ ఒక్క విషయం మీదే. మన రెండు జిల్లాల్లో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలు తక్కువ. కబడ్డీ, వాలీబాల్ ముందుంటాయి. వెయిట్‌లిఫ్టింగ్ అయితే చెప్పక్కర్లేదు, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. అలాంటి చోట ఒక జట్టుకి ఇద్దరు మంచి గార్డులు ఒకేసారి దొరకడమంటే వరం. ఆ వరాన్ని పాడుచేసుకోకూడదన్నదే నా తాపత్రయం.

ఇలాంటి జట్టు దొరికినప్పుడు కోచ్‌లు రెండు దారుల్లో ఒకటి పడతారు. ఒకమ్మాయిని స్టార్‌ని చేసి, రెండో అమ్మాయిని ఆమెకి పాసులిచ్చే మనిషిగా మార్చేస్తారు. లేదా గొడవెందుకని బంతిని వంతులేసి పంచుతారు, ఈసారి నువ్వు, వచ్చేసారి నువ్వు అని. నేను రెండూ చేసి చూశాను. ఎలా చేసినా ఒకమ్మాయి ఆడుతుంటే రెండో అమ్మాయి నిలబడి చూస్తుంది. ఆమె నిలబడింది కాబట్టి ఆమె డిఫెండర్‌కి పని లేదు, వచ్చి బంతి ఉన్న అమ్మాయి మీద పడుతుంది. అందుకే కోచ్ నేర్పాల్సిన పాఠంలో ముప్పాతిక వంతు బంతి లేని గార్డ్‌కే.

చెప్పడానికి వీలుగా ఒకరిని నడిపే పిల్ల అంటాను. బంతిని పైకి తెచ్చేది, డిఫెన్స్‌ని చీల్చుకుని లోపలికి వెళ్లేది. రెండో అమ్మాయిని వేసే పిల్ల అంటాను. దూరం నుంచి షాట్ వేసేది. మీ దగ్గరున్నది అబ్బాయిలైనా, కాలేజీ జట్టైనా పద్ధతి ఇదే.

మొదటి మెట్టు: రెండు వారాలు రాయండి, ఏమీ మార్చకండి

ఎవరి ఆట ఏంటో మీకు ముందే తెలుసనిపిస్తుంది. అయినా రాయండి. ఒక లాంగ్ నోట్‌బుక్, ఒక పెన్ను, బెంచీ మీద కూర్చున్న ఒక పిల్ల చాలు. ప్రాక్టీస్ మ్యాచ్‌లో మన చేతికి బంతి వచ్చిన ప్రతిసారీ ఒక వరుస. బంతి పైకి తెచ్చింది ఎవరు, షాట్ వేసింది ఎవరు, ఎక్కడి నుంచి, వేసే ముందు ఎన్ని డ్రిబుల్స్ కొట్టింది (బంతిని ఎన్నిసార్లు నేలకి కొట్టింది), పాస్ ఎవరిచ్చారు, బంతి పోతే ఎవరి చేతుల్లోంచి ఎలా పోయింది. వీటితో పాటు చివర్లో ఒక గడి: బంతి లేని గార్డ్ కదిలిందా, నిలబడిందా.

నాకు కళ్లు తెరిపించింది ఆ చివరి గడే. నడిపే పిల్లని ఏడాదిగా రోజూ చూస్తున్నాను. పాస్ ఇచ్చేసిన మరుక్షణం రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని మధ్య గీత దగ్గరే ఆగిపోతుందని నోట్‌బుక్ చూసేదాకా నాకు తెలియలేదు. వరుస తర్వాత వరుస "నిలబడింది, నిలబడింది" అని రాసి ఉంది.

దీంతో పాటు షూటింగ్ పరీక్ష పెట్టండి. ఐదు చోట్లు: రెండు మూలలు, రెండు పక్కలు, నడిమధ్య. ఒక్కో చోట బంతి అందుకుని వెంటనే వేసేవి పది, మొత్తం 50. ఇంకో రోజు అవే చోట్ల రెండు డ్రిబుల్స్ కొట్టి వేసేవి 50. మూడో రోజు కోర్టు పొడవునా మూడుసార్లు పరుగెత్తించి, రొప్పుతూ ఉండగా వేయించండి. నాలుగో క్వార్టర్‌లో మీకు దొరికే షూటర్ ఈ మూడో రోజు కనిపించే అమ్మాయే.

లెక్క చూసేటప్పుడు ఎన్ని పడ్డాయన్నది ఒక్కటే చూడకండి, ఒక్కో ప్రయత్నానికి ఎన్ని పాయింట్లు వచ్చాయో చూడండి. 50 మూడు పాయింట్ల షాట్లలో 18 పడ్డాయనుకోండి, 54 పాయింట్లు, అంటే షాట్‌కి 1.08. 50 రెండు పాయింట్ల షాట్లలో 22 పడితే 44 పాయింట్లు, షాట్‌కి 0.88. రెండోది ఎక్కువ పడుతున్నట్టు కనిపిస్తుంది కానీ జట్టుకి తక్కువ ఇస్తోంది. ఈ లెక్క పిల్లల ముందే బోర్డు మీద వేయండి. ఎవరి షాట్ ఎందుకు కావాలో అప్పుడు వాళ్లకే అర్థమవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మన బడుల్లో చాలాచోట్ల ఉండేది మగపిల్లలు ఆడే సైజు 7 బంతి. అమ్మాయిల మ్యాచ్ సైజు 6తో. పెద్ద బంతితో పరీక్ష పెట్టి షూటర్ ఎవరో తేల్చేస్తే లెక్క తప్పుతుంది. సైజు 6 బంతులు కనీసం రెండు కొనిపించండి.

అంకెలు రాస్తూనే కాళ్లు కూడా గమనించండి. వేసే పిల్ల దగ్గరికి బంతి ఇంకా గాల్లో ఉండగానే మోకాళ్లు వంగి, పాదాలు రింగ్ వైపు తిరిగి ఉంటాయి. బంతి చేతిలో పడ్డాక నడుం దాకా దించదు, ఛాతీ దగ్గర నుంచే పైకి లేస్తుంది. నడిపే పిల్లది వేరే చదువు. బంతి మోకాలి ఎత్తు దాటదు, కళ్లు మాత్రం ఎదుటి అమ్మాయి నడుం మీద ఉంటాయి. ఆ నడుం ఎటు తిరిగితే దానికి రెండో వైపు నుంచి మొదటి అడుగులోనే భుజం దాటించేస్తుంది. ఒకరికి బంతి రాకముందు చేసే పనిలో బలం, ఇంకొకరికి బంతి వచ్చాక చేసే పనిలో బలం. పథకమంతా ఈ తేడా మీదే కట్టాలి.

రెండో మెట్టు: ఇద్దరితో విడివిడిగా, తర్వాత కలిపి మాట్లాడండి

నోట్‌బుక్ తీసుకుని ఒక్కొక్కరితో కూర్చోండి. "ఏమ్మా, బంతి నీ దగ్గర లేనప్పుడు నీకేమనిపిస్తుంది?" అని అడిగాను వేసే పిల్లని. కాసేపు షూ లేసులు చూసుకుంటూ కూర్చుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది: "నాకింక బంతి రాదేమో అనిపిస్తాది మేస్టారూ. అందుకే వచ్చినప్పుడు ఏదైనా సరే వేసేస్తాను." ఆమె తొందరపాటు షాట్లన్నిటికీ కారణం ఆ ఒక్క మాటలో ఉంది. నేను ఆర్నెల్లుగా ఆమె మోచేయి సరిచేస్తున్నాను. సరిచేయాల్సింది బంతి వస్తుందన్న నమ్మకాన్ని.

ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టినప్పుడు నేను మా ఊరి సంగీత కళాశాల సంగతి ఎత్తాను. ఆ కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్‌తో సోలో కచేరీలు చేసిన విద్వాంసుడు, పెద్ద పెద్ద గాయకులకి పక్కవాద్యమూ వాయించారు. గాయకుడు పాడుతున్నంతసేపూ వయొలిన్ ఊరుకోదు, వెన్నంటే ఉంటుంది. ఆయన ఆపిన చోట అందుకుంటుంది. "బంతి ఒకరి దగ్గరున్నప్పుడు రెండోవాళ్లు చేయాల్సింది అదేనమ్మా" అన్నాను. ఇద్దరూ నవ్వారు. కానీ ఆ తర్వాత కోర్టులో "వెన్నంటు!" అని ఒకరికొకరు కేకేసుకోవడం మొదలైంది. మీ పిల్లలకి మీ ఊరి పోలిక ఏదో ఒకటి దొరుకుతుంది, దాన్నే పట్టుకోండి.

తల్లిదండ్రులు వస్తారు. "మా అమ్మాయికి బంతి ఎందుకివ్వట్లేదు మేస్టారూ?" అని గేటు దగ్గర బండి మీద కూర్చుని అడుగుతారు. నోట్‌బుక్ చూపించండి. అంకెలు ఎదురుగా ఉంటే మాట పెరగదు.

మూడో మెట్టు: 24 సెకన్లని పంచండి

బంతిని పంచే బదులు సమయాన్ని పంచండి. మన దాడికి 24 సెకన్లు. అందులో సగం గీత దాటడానికి 8. ఈ మొదటి భాగం నడిపే పిల్లది, ఎవరి చేతిలో రీబౌండ్ పడినా మొదటి పాస్ ఆమెకే. ఇందులో చర్చ లేదు. వేసే పిల్ల ఆ సమయంలో బంతి వైపు రాకూడదు, వెనక్కి చూసుకుంటూ ఎదుటి కోర్టులో పక్క గీత వెంబడే పరుగెత్తాలి. మా సెంటర్ పిల్ల కష్టం తీరింది ఈ ఒక్క నియమంతోనే.

గీత దాటాక దాదాపు పది సెకన్లు ఇద్దరూ కలిసి ఆడే భాగం. దానికోసం ఐదో మెట్టు ఉంది. గడియారంలో చివరి ఏడు సెకన్లు మిగిలి ఏదీ కుదరకపోతే బంతి మళ్లీ నడిపే పిల్ల చేతికి రావాలి. ఎవరి సాయం లేకుండా షాట్ పుట్టించగలిగేది ఆమే కాబట్టి. మీ దగ్గర వేసే పిల్లే డ్రిబుల్ మీద కూడా బాగా వేస్తుంటే ఈ భాగం ఆమెకివ్వండి, నోట్‌బుక్ ఏం చెబితే అది.

చాలా బడి కోర్టుల్లో షాట్ క్లాక్ ఉండదు. బెంచీ మీద ఒక పిల్లని నిలబెట్టి "పది... ఏడు!" అని అరిపించండి. మొదటి రెండు రోజులు చెవిలో జోరీగలా ఉంటుంది, వారానికి పిల్లల ఒంట్లోనే ఆ లెక్క దిగిపోతుంది.

నాలుగో మెట్టు: బంతి లేనప్పుడు ఏం చేయాలో నేర్పండి

దీనికి ప్రాక్టీస్‌లో సగం సమయం ఇవ్వండి, నెల రోజులు ఇవ్వండి.

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు స్టీఫెన్ కరీ, క్లే థాంప్సన్ జోడీతో 2015, 2017, 2018, 2022 సంవత్సరాల్లో టైటిల్ గెలిచింది. ఇద్దరూ షూటర్లే అయినా ఒకేలాంటి వాళ్లు కాదు. కరీ బంతితో ఆట పుట్టిస్తాడు. థాంప్సన్ బంతిని పట్టుకోవడం, వదలడం, అంతే. 2016 డిసెంబర్ 5న ఇండియానా పేసర్స్ మీద థాంప్సన్ 29 నిమిషాలు ఆడి 60 పాయింట్లు కొట్టాడు. ఆ రాత్రంతా కలిపి అతను కొట్టిన డ్రిబుల్స్ 11. ఈ రెండు అంకెలు మా కోర్టు గోడ మీద సుద్దతో రాసిపెట్టాను. బంతి ఎక్కువసేపు చేతిలో ఉంటేనే స్టార్ అనుకునే పిల్లలకి దీనికంటే మంచి పాఠం లేదు. ఇక 2014లో కోచ్‌గా వచ్చిన స్టీవ్ కెర్ కరీతో చేయించిందీ చూడండి. అంతటి ఆటగాడు బంతి ఇచ్చేసి, వెళ్లి తోటివాళ్లకి స్క్రీన్ పెడతాడు, అంటే వాళ్ల డిఫెండర్ దారికి అడ్డంగా కదలకుండా నిలబడతాడు. కరీని వదలడానికి డిఫెండర్లకి భయం, అందుకే ఆ స్క్రీన్ దగ్గర వాళ్లు తడబడతారు, ఇంకెవరో ఖాళీగా దొరుకుతారు.

మన పిల్లలకి దీన్ని రెండు వేర్వేరు పాఠాలుగా చెప్పాలి.

వేసే పిల్ల పాఠం దూరం గురించి. నడిపే పిల్ల లోపలికి దూసుకెళ్తున్నప్పుడు ఈమె మూడు పాయింట్ల గీత బయట, మూలలోనో పక్కనో ఉంటే, ఈమె డిఫెండర్ సాయానికి వెళ్లాలంటే నాలుగైదు మీటర్లు వదిలి వెళ్లాలి. అదే ఈమె రెండు అడుగులు లోపలికి జరిగి నిలబడితే ఆ డిఫెండర్ ఒక్కతే ఇద్దరికీ సరిపోతుంది. సిమెంటు మీద సుద్దముక్కతో ఆ రెండు చోట్లూ గీసి, డిఫెండర్‌ని నిలబెట్టి చేతులు చాపమనండి. ఒక చోట చెయ్యి ఇద్దరికీ అందుతుంది, రెండో చోట అందదు. మాటల్లో నెల చెప్పినా ఎక్కనిది రెండు నిమిషాల్లో ఎక్కుతుంది.

ఆమె కదలడానికి ఒక సూత్రం: డ్రైవ్ (బంతితో లోపలికి దూసుకెళ్లడం) ఎటు వెళ్తే బయటున్న వాళ్లంతా అటే ఒక చోటు జరగాలి. నడిపే పిల్ల కుడివైపు దూసుకెళ్తే కుడి పక్కనున్న వేసే పిల్ల కుడి మూలకి జారాలి. బేస్‌లైన్ (రింగ్ వెనకున్న చివరి గీత) వెంబడి వెళ్తే ఎదుటి మూలలో ఎవరో ఒకరు తప్పనిసరిగా ఉండాలి. లోపల చిక్కుపడ్డ అమ్మాయి కళ్లతో వెతక్కుండానే అక్కడికి బంతి విసరగలగాలి.

నడిపే పిల్ల పాఠం కష్టమైనది. ఆమెకి దూరం షాట్ అంతగా రాదు కాబట్టి, ఆమె బంతి ఇచ్చేసి గీత దగ్గర నిలబడితే డిఫెండర్ ఆమెని వదిలేసి లోపల కాపలా కాస్తుంది. అందుకని ఆమె ఆగకూడదు. మూడు పనుల్లో ఒకటి చేయాలి. పాస్ ఇచ్చిన వెంటనే డిఫెండర్ తల బంతి వైపు తిరిగితే ఆమె వీపు వెనక నుంచి రింగ్ కిందకి కోసుకుపోవాలి. తల తిరగకపోతే వేసే పిల్ల డిఫెండర్‌కి వెళ్లి స్క్రీన్ పెట్టాలి. రెండూ కుదరకపోతే ఎదురుగా వెళ్లి బంతిని చేతి నుంచి చేతికి తీసుకుని మళ్లీ దాడి మొదలుపెట్టాలి. కబడ్డీలో కూతకెళ్లినవాడు పట్టేవాళ్ల కాళ్ల మీద కన్నేసి ఉంచుతాడు చూడండి, ఈమె తన డిఫెండర్ తలని అలా చూడాలి.

దీనికి రెండు డ్రిల్స్ చాలు. మొదటిది డ్రిబుల్ లేని ఆట. సగం కోర్టులో ముగ్గురు ముగ్గురు, ఎవరూ డ్రిబుల్ కొట్టకూడదు, ఐదు బాస్కెట్ల దాకా. మొదటి రోజు గందరగోళంగా ఉంటుంది, ఎవరూ కదలరు, పాసులు పోతాయి. ఓపిక పట్టండి. నాలుగో రోజుకి కదలకపోతే బంతి రాదని అందరికీ తెలిసిపోతుంది. రెండోది నా సొంత అలవాటు. పాస్ ఇచ్చిన అమ్మాయిని చూస్తూ గట్టిగా "ఒకటి, రెండు" అంటాను. రెండు అనేలోపు ఆమె కాలు కదలకపోతే బంతి ఎదుటి జట్టుకి. నడిపే పిల్ల నడుం మీద చేతులు దిగింది దీంతోనే.

ఐదో మెట్టు: ఇద్దరి మధ్య మూడు కదలికలు, అంతకు మించి వద్దు

పిల్లలకి పదిహేను ప్లేలు నేర్పే కోచ్‌లున్నారు. మ్యాచ్‌లో టెన్షన్‌లో ఒక్కటీ గుర్తురాదు. మూడు నేర్పండి, నిద్రలో లేపినా చేసేలా నేర్పండి.

మొదటిది చేతి మార్పు. నడిపే పిల్ల డ్రిబుల్ చేస్తూ పక్కనున్న వేసే పిల్ల వైపు వెళ్లి, రెండు కాళ్లూ నేల మీద ఆనించి ఆగుతుంది. వేసే పిల్ల ఆమెని రాసుకుంటూ వెళ్లి బంతి తీసుకుంటుంది. వివరమంతా ఇక్కడే ఉంది. బంతి విసరకూడదు, అరచేతిలో తమలపాకు మీద పెట్టి ఇచ్చినట్టు డిఫెండర్‌కి దూరంగా ఉన్న తుంటి పక్కన పట్టుకుని ఇవ్వాలి. ఇద్దరి భుజాలూ తగలాలి, మధ్యలోంచి డిఫెండర్ దూరే సందు ఉండకూడదు. ఇచ్చేటప్పుడు నడిపే పిల్ల కదిలితే అఫెన్సివ్ ఫౌల్ పడుతుంది. తర్వాత డిఫెండర్ ఏం చేసిందో చూడాలి. ఆమె నడిపే పిల్ల వెనక నుంచి చుట్టి వస్తే వేసే పిల్ల అక్కడే షాట్ వేయాలి. ముందే పసిగట్టి దారికి అడ్డంగా వస్తే వేసే పిల్ల బంతి తీసుకోకుండా రింగ్ వైపు మళ్లిపోవాలి, నడిపే పిల్ల కింద నుంచి బౌన్స్ పాస్ ఇస్తుంది. ఇద్దరు డిఫెండర్లూ వేసే పిల్ల మీద పడితే నడిపే పిల్ల తిరిగి రింగ్ వైపు పరుగెత్తాలి, తలల మీదుగా బంతి ఆమెకి రావాలి. ఈ మూడు జవాబుల్నీ ముందు డిఫెండర్ లేకుండా నడిచి, తర్వాత పరుగెత్తి, ఆ తర్వాత డిఫెండర్‌తో చేయించండి.

రెండోది గార్డ్‌కి గార్డ్ స్క్రీన్. మామూలుగా స్క్రీన్ పెట్టేది పొడుగు పిల్ల. ఇక్కడ వేసే పిల్లే వచ్చి నడిపే పిల్ల డిఫెండర్‌కి స్క్రీన్ పెడుతుంది. ఆమె డిఫెండర్ సాయం చేయాలంటే షూటర్‌ని వదలాలి, వదలకపోతే నడిపే పిల్లకి దారి ఖాళీ. వేసే పిల్ల స్క్రీన్ దగ్గర ఎక్కువసేపు ఉండనక్కర్లేదు, తగిలీ తగలకుండానే మూడు పాయింట్ల గీత బయటికి జారిపోవచ్చు. ఎదుటి జట్టులో పొట్టి డిఫెండర్ ఎవరైనా ఉంటే ఆమెని మన బలమైన అమ్మాయి మీదకి మార్పించడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

మూడోది డ్రైవ్, బయటికి పాస్. నాలుగో మెట్టులో చెప్పిందే. ఒక్క మాట కలుపుతాను: లోపలికి వెళ్లిన నడిపే పిల్ల గాల్లోకి ఎగిరాక పాస్ కోసం వెతక్కూడదు. రెండు కాళ్ల మీద ఆగి, పివట్ తిరిగి (ఒక కాలు నేల మీదే ఆనించి తిరిగి) ఇవ్వాలి. మా నోట్‌బుక్‌లో ఆమె పోగొట్టిన బంతుల్లో ఎక్కువ భాగం గాల్లో పోగొట్టినవే.

ఆరో మెట్టు: ఇద్దరూ ఒకేసారి బెంచీ మీద కూర్చోకూడదు

ఎన్‌బీఏలో 2017-18 సీజన్‌లో హ్యూస్టన్ రాకెట్స్‌లో జేమ్స్ హార్డెన్, క్రిస్ పాల్ కలిశారు. ఇద్దరికీ బంతి చేతిలోనే ఉండాలి. కోచ్ మైక్ డాంటోని వాళ్లని కొంతసేపు కలిపి ఆడించి, మిగతా సమయంలో ఒకరు కూర్చుంటే ఇంకొకరు కోర్టులో ఉండేలా నిమిషాలు అమర్చాడు. ఆ జట్టు 82 మ్యాచ్‌ల్లో 65 గెలిచి లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచింది.

పది నిమిషాల క్వార్టర్ మీద నేను వాడే అమరిక ఇది. మొదటి క్వార్టర్ మొదటి ఆరు నిమిషాలు ఇద్దరూ. తర్వాత నాలుగు నిమిషాలు వేసే పిల్లకి విశ్రాంతి. రెండో క్వార్టర్ మొదలవగానే ఆమె వస్తుంది, నడిపే పిల్ల నాలుగు నిమిషాలు కూర్చుంటుంది. చివరి ఆరు నిమిషాలు మళ్లీ ఇద్దరూ. రెండో సగంలోనూ అంతే. మొత్తం 40 నిమిషాల్లో ఇద్దరూ కలిసి 24, ఒక్కొక్కరు విడిగా 8, ఒక్కొక్కరికి 32 నిమిషాల ఆట. క్వార్టర్లు చిన్నవైతే అదే నిష్పత్తిలో తగ్గించండి.

ఆ విడిగా ఆడే ఎనిమిది నిమిషాల్లో అలక సగం తీరిపోతుంది, ఎవరి ఆట వాళ్లకి దొరుకుతుంది కాబట్టి. వేసే పిల్ల ఒక్కతే ఉన్నప్పుడు బంతి పైకి తెచ్చే పని బెంచీ మీది మూడో గార్డ్‌కి ఇవ్వండి, వేసే పిల్లకి స్క్రీన్లు రెట్టింపు పెట్టించండి. నడిపే పిల్ల ఒక్కతే ఉన్నప్పుడు దూరం నుంచి కాస్తోకూస్తో వేయగలిగిన ఇద్దరిని మూలల్లో పెట్టండి.

రాకెట్స్ కథకి రెండో సగం ఉంది. వెస్ట్ ఫైనల్లో (లీగ్ పశ్చిమ విభాగం ఫైనల్, ఏడు మ్యాచ్‌ల సిరీస్) ఐదో మ్యాచ్ గెలిచి వారియర్స్ మీద 3-2 ఆధిక్యంలోకి వచ్చారు, కానీ ఆ మ్యాచ్‌లోనే క్రిస్ పాల్ తొడ కండరం పట్టేసింది. మిగతా రెండు మ్యాచ్‌లూ అతను ఆడలేదు, రెండూ పోయాయి. ఏడో మ్యాచ్‌లో ఆ జట్టు వరుసగా 27 మూడు పాయింట్ల షాట్లు పోగొట్టుకుంది. మన పిల్లల్లోనూ ఒకరికి జ్వరమొస్తుంది, ఇంకొకరి ఇంట్లో పెళ్లి, సిరిమాను పండక్కి చుట్టాలు. వారంలో ఒక రోజు ఇద్దరిలో ఒకరిని పక్కన పెట్టి జట్టుని ఆడించండి.

ఏడో మెట్టు: డిఫెన్స్‌లో ఎవరికి ఏ బరువు

దాడిలో అలసిపోయే అమ్మాయికి డిఫెన్స్‌లో కూడా ఎదుటి స్టార్‌ని అప్పజెప్పకండి. డెట్రాయిట్ పిస్టన్స్ 1989, 1990లో వరుసగా టైటిల్ గెలిచినప్పుడు దాడిని నడిపింది ఐజయా థామస్, మైఖేల్ జోర్డాన్‌ని ఆపే భారం మోసింది జో డ్యూమార్స్. మొదటి ఏడు ఫైనల్స్ ఎంవీపీ (ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు) డ్యూమార్స్‌కి, రెండో ఏడు థామస్‌కి దక్కింది. డిఫెన్స్ బరువు మోసినవాడికీ గుర్తింపు వచ్చిందని మీ పిల్లలకి చెప్పండి.

ఇద్దరూ పొట్టివాళ్లైతే ఇబ్బంది ఉంది. పోర్ట్‌లాండ్‌లో డేమియన్ లిలార్డ్, సీజే మెకాలమ్ ఏళ్ల తరబడి కలిసి ఆడారు, ఇద్దరూ గొప్ప స్కోరర్లే, ఇద్దరూ చిన్న గార్డులే. 2019లో వెస్ట్ ఫైనల్ దాకా వెళ్లి వారియర్స్ చేతిలో 4-0తో ఆగిపోయారు, కలిసి ఫైనల్స్ చూడలేదు. మీది అలాంటి జోడీ అయితే ఎదుటి పొడుగు గార్డ్‌కి మీ ఫార్వర్డ్‌ని (గార్డ్‌కి, సెంటర్‌కి మధ్య ఆడే పొడుగు పిల్లని) కేటాయించండి, మీ గార్డుల్లో ఒకరు ఎదుటి జట్టులో తక్కువ స్కోర్ చేసే అమ్మాయిని చూసుకుంటుంది.

ఫౌల్స్ మీద కన్నుండాలి. ఐదోదానికి బయటికి. మొదటి సగంలోనే ఒక గార్డ్‌కి రెండు ఫౌల్స్ పడితే ఇద్దరి డిఫెన్స్ బాధ్యతలు మార్చేయండి. టైమౌట్ అక్కర్లేకుండా ఒక చేతి సైగతో మారేలా ముందే అలవాటు చేయండి.

ఎనిమిదో మెట్టు: చివరి రెండు నిమిషాలు

చివరి షాట్ ఎవరిదన్నది మ్యాచ్‌కి ముందు రోజే తేల్చి, ఇద్దరికీ ఒకేచోట చెప్పండి. టైమౌట్‌లో నిర్ణయిస్తే ఒకరి మొహం చిన్నబోతుంది, అది ఎదుటి జట్టుకీ కనిపిస్తుంది.

వెనకబడి ఉన్నప్పుడు నేను చేతి మార్పు వాడతాను. పేరుకి అది వేసే పిల్ల కోసం, అందరూ ఆమె మీద పడతారు, చాలాసార్లు బాస్కెట్ నడిపే పిల్లకి దొరుకుతుంది. ముందున్నప్పుడు లెక్క మారుతుంది. ఎదుటి వాళ్లు ఫౌల్ చేసి ఆపుతారు, క్వార్టర్‌లో ఐదో టీమ్ ఫౌల్ నుంచి రెండు ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డురాకుండా వేసే షాట్లు). కాబట్టి త్రో-ఇన్ (గీత బయట నుంచి లోపలికి విసిరే బంతి) అందుకోవాల్సింది ఫ్రీ త్రోలు బాగా వేసే అమ్మాయి, అది మామూలుగా వేసే పిల్లే. ఆ సమయంలో నడిపే పిల్ల స్క్రీన్ పెట్టి ఆమెని విడిపించాలి. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల్లో రెండో సగానికి మూడు టైమౌట్లు, నాలుగో క్వార్టర్ చివరి 2 నిమిషాల్లో వాడగలిగేవి రెండే. ఆ సమయంలో బంతి మన వెనక కోర్టులో ఉండగా టైమౌట్ తీసుకుంటే ముందు కోర్టు నుంచి త్రో-ఇన్ తీసుకునే వీలుంది. ఒక టైమౌట్ దానికోసం దాచుకోండి.

ప్రాక్టీస్ వారం

పొద్దున్న ఐదున్నర నుంచి ఏడింటి దాకా, సిమెంటు వేడెక్కకముందే. సోమ, బుధవారాలు బంతి లేని కదలికలు, డ్రిబుల్ లేని ఆట. మంగళ, గురువారాలు మూడు కదలికలు, నడక నుంచి పరుగు దాకా. శుక్రవారం ఒకరిని పక్కన పెట్టి ఆట. శనివారం పూర్తి మ్యాచ్, నోట్‌బుక్‌తో. ప్రతిరోజూ ఆఖరి పది నిమిషాలు అలసిపోయాక ఫ్రీ త్రోలు. ఇద్దరు గార్డుల్నీ ప్రాక్టీస్‌లో తరచూ ఎదురెదురు జట్లలో వేయండి. ఒకరి బలాన్ని డిఫెన్స్ చేస్తేనే ఆ బలం ఎక్కడుందో ఇంకొకరికి తెలుస్తుంది.

మూడు వారాలకొకసారి మొదటి మెట్టులో చేసిన లెక్క మళ్లీ రాయండి. మొదటిసారితో పోల్చేటప్పుడు ముందు చివరి గడి చూడండి. "నిలబడింది" తగ్గకపోతే మ్యాచ్‌లు గెలుస్తున్నా నాలుగో మెట్టుకి వెనక్కి వెళ్లండి. మా నోట్‌బుక్‌లో ఇప్పుడు ఒక కొత్త గడి చేరింది: ఎవరి స్క్రీన్ వల్ల బాస్కెట్ పడింది. అది అడిగి గీయించింది నడిపే పిల్లే. శనివారం మ్యాచ్ అవగానే నీళ్ల సీసా ఇంకా చేతిలో ఉండగానే ఇద్దరూ వచ్చి నోట్‌బుక్ మీద వంగుతారు, ముందుగా వెతికేది ఆ గడినే.